తొంభై శాతానికి తగ్గని బోర్డు

ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చున్నవాణ్ణి చూడగానే జనానికి చదువు మర్చిపోయినట్టవుతుందేమోనని నా అనుమానం. కిటికీ నెత్తిన "మాచర్ల - 7" అని జానెడు జానెడు అక్షరాలతో రాసి ఉంటుంది. ఒకాయన దాని కిందే నిలబడి, దాన్ని పెదవులు కదుపుతూ పూర్తిగా చదివి, తల కిటికీలోకి పెట్టి, "మాచర్ల బస్సు ఎన్నో నంబరు మీదికొచ్చిద్దండీ?" అంటాడు. ఏడు అంటాను. "ఏడేనా?" అంటాడు. ఏడే అంటాను. ఆయన పక్కకు జరుగుతాడు. ఇప్పటిదాకా ఆయన భుజం మీంచి ఈ సంభాషణంతా విన్న రెండో ఆయన ముందుకొచ్చి, "మాచర్లకు ఏడంటండీ, నిజమేనా?" అంటాడు.

ఇరవై ఆరేళ్లుగా నా ఉద్యోగం ఇదే. నాకు వాళ్లమీద కోపమేమీ లేదు, ఎందుకంటే మా ఇంట్లోనూ ఇంతే. గ్యాసు బండ ఏ రోజు వస్తుందో ఫోనుకు మెసేజీ వస్తుంది. అది చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివి, మా ఆవిడ హైమవతి ఏజెన్సీకి ఫోను చేసి గ్యాసు ఎప్పుడొస్తుందని అడుగుతుంది. రాసింది ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా, ఒక మనిషి నోటితో చెబితేగాని మనకు నమ్మకం కుదరదు.

ఆ నమ్మకం నా గొంతు మీదికి వచ్చింది. ఈ ఏడాది కోటప్పకొండ తిరునాళ్లకు స్పెషల్ బస్సులు వేశారు. మూడు రోజులు కిటికీలోంచి అరిచి, నాలుగో రోజు పొద్దున పాలబ్బాయితో "అరలీటరు" అనబోతే నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. గుంటూరు వెళ్లి గొంతు డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన సన్నటి గొట్టం లోపలికి పెట్టి చూసి, స్వరం పుట్టేచోట కాయలు కాశాయన్నాడు.

"ఏం పని చేస్తారు?"

"మాట్లాడతానండీ."

"ఇక ఆపండి. రోజుకు పదిహేను నిమిషాలు, అదీ మెల్లగా. ఇంతకుముందులాగే అరిచారంటే గొంతు పోతుంది. పోయిందంటే మళ్లీ రాదు. ఆపరేషను చేసినా నేను హామీ ఇవ్వలేను."

రిటైరవడానికి నాకింకా మూడేళ్లుంది. ఎనిమిది గంటల డ్యూటీలో పదిహేను నిమిషాలు మాట్లాడే ఎంక్వయిరీ క్లర్కును మా సంస్థలోనే కాదు, మరే సంస్థలోనూ ఉంచుకోరు. ఏం చెయ్యాలో తోచక దేవుడి పటం ముందు నిలబడి మొక్కుకున్నాను, మనసులోనే. సరిగ్గా అదే వారం మా బస్‌స్టాండుకు డిస్‌ప్లే బోర్డు వచ్చింది.

ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు. బస్సు పేరు, వేళ, ప్లాట్‌ఫారం నంబరు వాటంతటవే మారుతూ తెల్లటి వెలుగులో కనిపించేవి. నేను ఒక వెదురు కర్ర తెచ్చుకున్నాను. ఎవరైనా తల లోపలికి పెట్టగానే కర్రతో బోర్డు వైపు చూపించేవాణ్ణి. మొదటి రెండు రోజులు జనం నన్ను పొగరుబోతు అన్నారు. మూడో రోజునుంచి అలవాటు పడ్డారు. ఎనిమిదో రోజుకు కిటికీ దగ్గర ఈగలు తప్ప ఎవరూ లేరు. గొంతులో మంట తగ్గింది. ఆ సాయంత్రం హైమవతిని పేరు పెట్టి పిలిచాను. ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, ఏం కావాలని అడిగింది. ఏమీ వద్దన్నాను.

తొమ్మిదో రోజు పదకొండు గంటలకు బోర్డు ఆరిపోయింది. అరగంటకు దానంతటదే వెలిగింది. పదిహేను నిమిషాలకు మళ్లీ ఆరిపోయింది. మార్చి నెలకే ఎండలు ముదిరాయి. బోర్డు వీపుకు ఎండ సూటిగా కొడుతోంది.

మా డిపో ఎలక్ట్రీషియన్ మస్తాన్ వలీ నిచ్చెనేసుకుని ఎక్కాడు. బోర్డు వెనక అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేసి, చెయ్యి ఊదుకుంటూ దిగాడు.

"లోపల గోరంత చిప్పుంటది శేషన్నా. లైన్లోంచొచ్చే కరెంటును బోర్డుకు సరిపడేట్టు చేసి పంపేది అదే. పంపేటప్పుడు కొంత కరెంటు దాని దగ్గరే వేడి కింద పోద్ది. అది మామూలే. కానీ ఆ వేడి బయటికి పోవాల గదా. డబ్బా నాలుగు పక్కలా మూసేశారు. మరీ కాలిపోతందనుకుంటే అదే ఆపేసుకుంటది. చల్లారినాక లేస్తది. మంచి తెలివైంది."

నాకంటే తెలివైందని అనుకున్నాను. పైకి అనలేదు. ఆ రోజు నా పదిహేను నిమిషాలు అప్పటికే అయిపోయాయి. ఏం చెయ్యాలన్నట్టు చెయ్యి తిప్పాను.

"అరగంట పని. డబ్బా వెనక నాలుగు కంతలు కొట్టి, చిప్పుకు ఇంత అల్యూమినియం ముక్క అంటిస్తే వేడి దానిమీదికి పాకి బయటికి పోద్ది. కాకపోతే సీలుంది. సీలు కోయాలంటే పర్మిషన్ కావాల. నువ్వో కాగితం రాయన్నా, నీ చేతిరాత బాగుంటది."

రాశాను. ఈ కథలో నా తప్పేదైనా ఉందంటే అది ఇక్కడే ఉంది. "బోర్డుకు నాలుగు కంతలు కొట్టడానికి అనుమతి ఇవ్వండి" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. కానీ చేతికి తెల్లకాగితం వచ్చాక మనలాంటివాళ్లకు ఒక్క ముక్కతో తృప్తి ఉండదు. శుభలేఖలో పెళ్లికూతురి పేరుకంటే ఆహ్వానించువారి డిగ్రీలకు ఎక్కువ చోటిచ్చే జాతి మనది. అందుకని ఇలా రాశాను: "తమ సముఖమునకు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా, సదరు ఫలకమునందలి చిప్పు వద్ద అమూల్యమైన విద్యుచ్ఛక్తి ఉష్ణరూపమున నిరంతరము వృథా యగుచున్నందున, జాతి సంపదను కాపాడుటకై నాలుగు కంతలు కొట్టించవలసినదిగా ప్రార్థన."

మా డిపో మేనేజరు నాగసులోచన గారు దాన్ని రెండుసార్లు పైకి చదివారు.

"ఎంత బాగా రాశారండీ ఆదిశేషు గారూ. 'ఉష్ణరూపమున' అన్నచోట నాకు ఒళ్లు జలదరించింది."

"కంతలండీ," అన్నాను గుసగుసగా.

"కంతలకైతే వర్క్‌షాపుకు పంపేదాన్ని. రేపే కొట్టేసేవాళ్లు. కానీ మీరు విద్యుచ్ఛక్తి వృథా అని రాశారే. ఆ మాట ఉన్న కాగితం నా దగ్గర ఆపుకుంటే నా ఉద్యోగానికి వస్తుంది. ఇది హెడ్డాఫీసులో శక్తి సామర్థ్య విభాగానికి వెళ్లాలి."

ఆ విభాగం పెట్టి ఏడాదైంది. దానికి ఉన్నది ఒకటే నిబంధన. సంస్థలోని ఏ పరికరమైనా తనలోకి వెళ్లిన కరెంటులో తొంభై శాతానికి తగ్గకుండా పనికి వాడాలి. ఏడాదిలో ఆ విభాగానికి వచ్చిన మొదటి కాగితం నాది. రెండో రోజే దిగారు.

విభాగాధిపతి గోవర్ధనగిరి గారు జీపు దిగి, వంగి దణ్ణం పెట్టిన సులోచన గారిని దాటి, నేరుగా బోర్డు ముందుకొచ్చి నిలబడ్డారు. వెనకాల ఇద్దరు అసిస్టెంట్లు ఒక మీటరును నెమ్మదిగా మోసుకొచ్చారు. దానికి వెల్వెట్ గుడ్డ కప్పి ఉంది.

"శక్తి నష్టం అనేది సాంకేతిక సమస్య అని అందరూ పొరబడతారు," అన్నారాయన. "మౌలికంగా అది ఒక మనస్తత్వ సమస్య. ఈ పరికరం మనస్తత్వాన్ని ముందుగా మదింపు చేద్దాం."

ఆ సమయానికి బోర్డు మీద మూడే బస్సులున్నాయి. మీటరు తగిలించారు. వంద పాళ్లు లోపలికి వెళితే యాభై ఎనిమిది పాళ్లే బోర్డుకు చేరుతున్నాయని తేలింది. అసిస్టెంట్లు ఎవరో పోయినట్టు తలలు దించుకున్నారు.

మస్తాన్ ముందుకొచ్చాడు. "సార్, అక్షరాలు కాసిన్నే ఉన్నప్పుడు బోర్డు తీసుకునే కరెంటే కొంచెం సార్. చిప్పు బతకడానికి దానికి కావాల్సింది అది ఎట్టాగూ తింటది. అందుకని శాతం అట్టా కనపడుద్ది. నిజంగా పోయే వేడి మాత్రం తక్కువే."

"నీ హోదా ఏమిటి?"

"ఎలక్ట్రీషియన్ సార్, గ్రేడు ఫోరు."

"శాతాలపై అభిప్రాయం వ్యక్తపరచడం గ్రేడ్ టూ నుంచి ప్రారంభమవుతుంది."

ఇంతలో ఒక అసిస్టెంటు మోచెయ్యి తగిలి, బోర్డు పక్కనున్న టెస్టు బటన్ నొక్కుకుంది. అక్షరాలన్నీ మాయమై, బోర్డు మొత్తం ఒక్కసారిగా తెల్లగా వెలిగింది. ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. మీటరు ముల్లు లేచి తొంభై రెండు దగ్గర నిలబడింది.

గోవర్ధనగిరి గారు కళ్లజోడు తీశారు.

"ఇంతకాలం మనం ఈ పరికరాన్ని అణగదొక్కామన్నమాట. మూడు బస్సులు చూపించమని దీన్ని అవమానించాం. పూర్తి భారం మోయిస్తే తొంభై రెండు శాతం ఇవ్వగలిగిన ప్రతిభ ఇది. రాసుకోండి. ఈ ఫలకమును అల్పభారముపై నడుపుట ఇందుమూలముగా నిషేధించడమైనది."

నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఉన్న గొంతంతా కూడదీసి, "కంతలు సార్," అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశారు. "కంతలు ఎందుకు? వేడి నష్టం పది శాతానికి లోపలికి వచ్చింది. నిబంధన ప్రకారం ఇప్పుడిక్కడ వేడి లేదు. లేని వేడిని బయటికి పంపడానికి కంతలు కొడితే రేపు ఆడిట్ వాళ్లకు నేనేం సమాధానం చెప్పాలి?"

సులోచన గారు మంచి మనిషి. బస్సుల పేర్లు పూర్తిగా తీసెయ్యడం ఆవిడకు ఇష్టం లేదు. పేర్ల మధ్య ఖాళీ లేకుండా చూస్తే శాతం వస్తుందేమోనని ఆశపడి, ఖాళీలను మాటలతో నింపడం మొదలుపెట్టారు. శుభప్రయాణం, పొగ తాగరాదు, పరిశుభ్రతే ఆరోగ్యం, మీ లగేజీకి మీరే బాధ్యులు. అప్పటికీ చోటు మిగిలితే ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు గారి గృహప్రవేశానికి శుభాకాంక్షలు చేర్చారు. ఇన్నింటి మధ్య మాచర్ల ఎక్కడో ఉండేది. ఓపికున్నవాళ్లకు బస్సు వెళ్లిపోయాక దొరికేది.

మీటరు ఎనభై నాలుగు చూపించింది. హెడ్డాఫీసునుంచి అసిస్టెంటు వచ్చి భూతద్దంతో బోర్డును పరిశీలించి, నష్టం అక్షరాల కడుపుల్లో ఉందని తేల్చాడు. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, లోపల ఖాళీ. ఆ ఖాళీలో దీపాలు పని చెయ్యకుండా కూర్చుంటున్నాయట. మర్నాటినుంచి అక్షరాల కడుపులు నింపారు. మాచర్ల, వినుకొండ, సత్తెనపల్లి మూడూ అయిదారు మచ్చలుగా మారాయి. ఎనభై తొమ్మిది వచ్చింది. ఆ మిగిలిన ఒక్క శాతం కోసం ఆ మచ్చల చుట్టూ ఉన్న నలుపును కూడా వెలిగించారు.

ఆ విధంగా బోర్డు తెల్లబడింది.

దాంతో బస్‌స్టాండు కళే మారిపోయింది. కాలేజీ పిల్లలు దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకునేవాళ్లు. ముఖం బాగా తేటగా వస్తోందని ఊళ్లోంచి కూడా వచ్చేవాళ్లు. జాకెట్ గుడ్డలమ్మే ఆయన రంగు సరిగ్గా చూపించడానికి బేరాలను అక్కడికే తీసుకొచ్చేవాడు. బస్సెక్కాల్సినవాళ్లు మాత్రం నా కిటికీ దగ్గరికి వచ్చేవాళ్లు.

ఒక ముసలావిడ వచ్చింది. "నాయనా, మాచర్ల బస్సు యాడాగిద్ది?"

అలవాటుకొద్దీ కర్రతో బోర్డు చూపించాను. ఆవిడ చాలాసేపు చూసింది. అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఒక కన్ను మూసుకుని చూసింది. తర్వాత దిగులుగా నా వైపు తిరిగింది.

"అంతా తెల్లగానే ఉంది గదయ్యా. శుక్లాలు తీపిచ్చుకుని రెణ్ణెల్లు కూడా కాలా. మళ్లా వచ్చినయ్యా ఏంది?"

"శుక్లాలు కాదమ్మా, సామర్థ్యం," అన్నాను. "మీ బస్సు ఏడు."

"ఏడేనా?"

"ఏడే."

ఆ రోజు అలా రెండువందల పైచిలుకు మందికి చెప్పాను. ఆపైన రోజూ అంతే.

ఇక బోర్డు సంగతి. శాతం పెరిగినా అది వాడే కరెంటు ఎన్నో రెట్లు పెరిగింది గనక, అసలు వేడి కూడా పెరిగింది. మస్తాన్ చెప్పిన తెలివైన చిప్పు పొద్దున తొమ్మిదిన్నరకే ఆపేసుకోవడం మొదలుపెట్టింది. వెలగడం, ఆరడం, వెలగడం. గోవర్ధనగిరి గారు మళ్లీ వచ్చారు. మహిళా ప్రయాణికుల విశ్రాంతి గదిలో ఉన్న ఒకే ఒక్క కూలరు తెప్పించి, బోర్డు వీపుకు ఎదురుగా పెట్టించారు. పసిపిల్లల తల్లులు కూలరు వెనకే నడుచుకుంటూ వచ్చి, బోర్డు కింద నేలమీద కూర్చున్నారు.

"సార్, కూలరు తాగే కరెంటో?" అన్నాడు మస్తాన్.

"కూలరు మహిళా సంక్షేమం కిందికి వస్తుంది. ఫలకం ప్రయాణిక సమాచారం కిందికి వస్తుంది. వేర్వేరు విభాగాల శక్తిని కలిపి చూడటం అశాస్త్రీయం."

"ఆ నాలుగు కంతలు కొడితే కూలరెందుకు సార్?"

"నీకు కంతల మీద వ్యక్తిగతమైన ఆసక్తి ఉన్నట్టుంది," అని ఆయన మస్తాన్ పేరు డైరీలో రాసుకున్నారు. మస్తాన్ మళ్లీ కంతల మాట ఎత్తలేదు. జేబులో అల్యూమినియం ముక్క పెట్టుకుని తిరిగేవాడు, అంతే.

ఇంట్లో నేను పూర్తిగా మాట మానేశాను. పలక కొనుక్కున్నాను. మంచినీళ్లు కావాలంటే రాసేవాణ్ణి. హైమవతి వంటింట్లో ఉంటే పలక కనబడదు గనక గరిటెతో గ్లాసు మీద కొట్టేవాణ్ణి. నాలుగో రోజు ఆవిడ ఇవతలికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏవండీ, నేనేమన్నా పిల్లినా? గ్లాసు కొడితే రావడానికి?"

పలక తుడిచి 'క్షమించు' అని రాశాను.

"ఊరందరికీ మాచర్ల బస్సు నోటితో చెప్తారు. నాకు పలక మీద క్షమాపణ. బాగుంది." వచ్చి పక్కన కూర్చుంది. "రేపు డాక్టరు దగ్గరికి పోదాం పదండి. నిద్రలో ఆయాసపడుతున్నారు, ఈల వేసినట్టు చప్పుడొస్తోంది."

డాక్టరు గొట్టం పెట్టి చూసి, నాతో మాట్లాడకుండా హైమవతితో మాట్లాడాడు. అప్పుడే అర్థమైంది నాకు.

"కాయలు పెరిగినయ్యమ్మా. ఇంకో నెల ఇట్టా అరిస్తే అంతే. ఆ తర్వాత నా దగ్గరికి తీసుకొచ్చినా నేను చెయ్యగలిగిందేమీ ఉండదు. పని మార్పించుకోమనండి."

సర్టిఫికెట్టు రాసిచ్చాడు. పార్సిల్ సెక్షనులో పని నోటితో ఉండదు. మూటలమీద ముద్ర వెయ్యడం, అంతే. అక్కడికి మార్చమని, ఈసారి 'ఉష్ణరూపమున' లాంటి మాటలేమీ లేకుండా రెండే లైన్లు రాసి, సర్టిఫికెట్టు జతచేసి సులోచన గారికిచ్చాను.

"రేపు గోవర్ధనగిరి గారు ఎలాగూ వస్తున్నారు. ఆయన ముందు పెడతాను," అన్నారావిడ.

"ఆయన ఎందుకండీ?" అని పలక మీద రాశాను.

"బోర్డు సంగతి మీకు తెలీదా?"

తెలుసు. రోజుకు ఇరవైసార్లు ఆగి లేస్తున్న చిప్పు ఆ రోజు ఇరవై ఒకటోసారి లేవలేదు. మస్తాన్ సీలు కోశాడు. కాలిపోయాక కొయ్యడానికి పర్మిషన్ అక్కర్లేదట. నల్లగా మాడిన గోరంత ముక్కను అరచేతిలో పెట్టుకొచ్చి నాకు చూపించాడు.

"పాపం, ఎన్నిసార్లని ఆపుకుంటది అన్నా," అన్నాడు.

మర్నాడు గోవర్ధనగిరి గారు విచారణకు వస్తారని నేననుకున్నాను. ఆయన శాలువాతో వచ్చారు. మీటరు తగిలించి చూస్తే లోపలికి వెళ్లే కరెంటు సున్న, వేడి రూపంలో పోయేది సున్న. సంస్థ చరిత్రలో మొట్టమొదటిసారిగా ఒక పరికరం సంపూర్ణ శూన్య నష్ట స్థితిని చేరుకుందని ఆయన ప్రకటించారు. చచ్చిన బోర్డుకు శాలువా కప్పి, ప్రశంసాపత్రం వేలాడదీశారు. మా సులోచన గారికి కూడా ఒక బొకే ఇచ్చారు. ఫోటో తీయబోతే వెలుతురు చాల్లేదు.

అంతా అయ్యాక ఆవిడ నా కాగితం ఆయన చేతికిచ్చారు. ఆయన చదువుతూ నా కిటికీ దగ్గరికొచ్చారు. మధ్యాహ్నం రెండున్నర. బస్సులేవీ లేవు. అడిగేవాళ్లెవరూ లేక నేను పలక ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాను.

"ఈయన ఇప్పుడేం చేస్తున్నారు?"

"ఖాళీగా ఉన్నారు సార్," అన్నాడు అసిస్టెంటు.

గోవర్ధనగిరి గారి కళ్లు మెరిశాయి. "అల్పభారం," అన్నారు మెల్లగా.

అసిస్టెంట్లిద్దరూ కాగితాలు తీశారు. పొద్దున ఏం తిన్నానని అడిగారు. నాలుగు ఇడ్లీలు, ఒక కాఫీ అని రాశాను. హైమవతి బలవంతాన పెట్టిన గారె సంగతి దాచాను గానీ, చొక్కామీద నూనె మరక చూసి పట్టుకున్నారు. గంటలో ఎన్ని మాటలు మాట్లాడానో లెక్కేశారు. వాటికి ఇడ్లీలో ఎంత భాగం సరిపోతుందో లెక్కేశారు. సామర్థ్యం మూడు శాతం. మిగతా తొంభై ఏడు ఎక్కడికి పోతున్నట్టని ఒకడు నా నుదుటిమీద చెయ్యి పెట్టాడు.

"సార్, వెచ్చగా ఉన్నారు."

"చూశారా. ఉష్ణరూపమున," అన్నారు గోవర్ధనగిరి గారు. ఆ మాట ఆయనకు నా కాగితంలోనే దొరికింది.

నాకు కోపం వచ్చింది. నుదురు ఇంకొంచెం వేడెక్కింది. దాన్ని కూడా నష్టం కింద రాసుకున్నారు.

"డాక్టరు సర్టిఫికెట్టు జతచేశారు సార్," అన్నారు సులోచన గారు. ఆవిడ గొంతు కూడా ఎందుకో సన్నబడింది.

ఆయన దాన్ని శ్రద్ధగా చదివారు. "రోజుకు పదిహేను నిమిషాలు. అంటే మూడు శాతం భారం. ఇది మన నిబంధనకు నూటికి నూరుపాళ్లు విరుద్ధమైన వైద్యం. ఇటువంటి డాక్టర్లవల్లే శక్తి వృథా అవుతోంది. రాసుకోండి. సోమవారం మొదలు సదరు ఉద్యోగి, ప్రయాణికులు అడిగినను అడగకున్నను, డ్యూటీ కాలములో తొంభై శాతమునకు తగ్గకుండా బస్సుల వివరములు బిగ్గరగా చెప్పుచుండవలెను."

మస్తాన్ ఉండబట్టలేక నోరు తెరిచాడు. "సార్, చిప్పుకైతే వేడెక్కితే ఆపుకునే తెలివుంది. మనిషి ఆపుకోలేడు సార్. భార్యాబిడ్డలుంటారు, ఆపడు."

"అందుకే మనిషి మెరుగైన పరికరం," అన్నారు గోవర్ధనగిరి గారు.

నేను పలక మీద 'పార్సిల్' అని రాసి, రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను.

"తక్కువ సామర్థ్యం ఉన్న పరికరాన్ని ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి తోసెయ్యడం పరిష్కారం కాదు. మీకు పూర్తి భారం ఇష్టం లేకపోతే మా దగ్గర రెండో మార్గం ఉంది. శూన్య నష్ట స్థితి. లైనునుంచి పూర్తిగా విడదీస్తాం. అంటే సర్వీసు నుంచి. శాలువా మా విభాగమే భరిస్తుంది."

ఇవాళ శనివారం. ఉత్తర్వు టైపు చేయించి నా టేబుల్ మీద పెట్టారు. సోమవారం పొద్దున ఆరింటికి నేను మొదలుపెట్టాలి, లేదా సంతకం పెట్టి శాలువా కప్పించుకోవాలి.

సలహాలు అడక్కుండానే చాలా వచ్చాయి. నా గొంతు రికార్డు చేసి స్పీకర్లో పెట్టమని మా తోడల్లుడు చెప్పాడు. స్పీకర్లోనూ ఒక చిప్పుంటుందని, దానికీ మీటరు పెడతారని మస్తాన్ గుర్తుచేశాడు. సెలవు పెట్టమని సులోచన గారు అన్నారు. సెలవులో ఉన్న ఉద్యోగి కూడా ఇంట్లో వెచ్చగానే ఉంటాడు కదా అని హెడ్డాఫీసులో సందేహం వ్యక్తం చేశారట, దానిపై వివరణ వచ్చేదాకా సెలవులు ఆపారు. కోర్టుకు పొమ్మని ఎదురింటాయన అన్నాడు. అక్కడా మాట్లాడాలి.

హైమవతి మాత్రం ఉత్తర్వు చదివింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. "నిజమేనా?" అంది. తల ఊపాను. లోపలికి వెళ్లి వాము నీళ్లు కాచుకొచ్చి నా ముందు పెట్టింది. "శాలువా కప్పించుకుంటే మూడేళ్లు ఎలా గడుస్తుందో నేను చూసుకుంటాను. ఏదో ఒకటి చేద్దాం. కానీ మీరు తేల్చుకోండి, నేను చెప్పానని అనొద్దు," అంది. తర్వాత గుమ్మం దగ్గర ఆగి, "రేపు ఆదివారం గదా. డాక్టరిచ్చిన పదిహేను నిమిషాలు రేపు బస్‌స్టాండుకు ఖర్చుపెట్టక్కర్లేదు. నాతో మాట్లాడండి," అంది.

అప్పటినుంచి పలక ముందు పెట్టుకుని కూర్చున్నాను. పాఠక మహాశయులారా, ఉద్యోగం ఉంచుకుని గొంతు పోగొట్టుకోవాలా, గొంతు ఉంచుకుని ఉద్యోగం పోగొట్టుకోవాలా అన్నది సోమవారం ఆరింటిలోపు చెబితే చాలు. అంతకంటే ముందు తేలాల్సింది ఇంకొకటుంది. పదిహేను నిమిషాలకు సరిపడా ఏం మాట్లాడాలో చిత్తుప్రతి రాసి చూసుకుందామని మొదలుపెట్టాను. "హైమవతీ" అని రాశాను. దాని పక్కన నా చెయ్యి దానంతటదే "ఏడో నంబరు" అని రాసింది. తుడిచి మళ్లీ రాస్తే తొమ్మిదో నంబరు వచ్చింది. భార్యతో తీరిగ్గా మాట్లాడే అలవాటున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, పేరు తర్వాత ఏమంటారో దయచేసి రేపు పొద్దున్నకల్లా రాసి పంపండి. చదివేస్తాను.